రాగము మాటున మాంద్యము

రోళ్లు పగులునని లోకము చెప్పుకొను రోహిణీకార్తె నడుమ నొక్క పగటివేళ ప్రచండమార్తాండకిరణసంతప్తమైన తెనాలి పట్టణము నీరు కట్టివేసిన కాలువలలోని నెర్రెలు వారిన బురదను చూచి తన దప్పికను మరింత పెంచుకొనుచు వాకిళ్లు బిగించుకొని నిశ్చేష్టమై పడియుండెను. నిర్జనవీథీవిహారిణియైన వడగాలి మూసిన అంగళ్ల తలుపులను తట్టి తట్టి మరలిపోవుచుండెను. సోడాబండ్లవాండ్రు తడిగోనెలు తలలపై కప్పుకొని కునుకు తీయుచుండిరి. అట్టి వేళ ఆ పట్టణమున ఒక్కచోట మాత్రము ఇసుక వేసిన రాలనంత జనము క్రిక్కిరిసియుండెను. అది పద్యనాటక పరిషత్తువారి పోటీలు జరుగుచున్న కళామందిరము. ఎడ్లబండ్లు పోయి ఆటోలు వచ్చినను చుట్టుప్రక్కల పల్లెల పెద్దమనుష్యులకు నాటకపు పిచ్చి వదలలేదు. వదలునన్న ఆశ వారి ఇల్లాండ్రకు ఎన్నడో పోయినది. వారు ఉదయమే చద్దన్నము తిని వచ్చి విసనకర్రలు చేతబట్టి కూర్చుండి పద్యము నచ్చినచో "వన్స్ మోర్" అని మందిరము దద్దరిల్ల కేకలు వేయుచు నచ్చనిచో మొగమాటము లేకుండ దగ్గుచు నాటకము తరువాత నాటకమును ఆస్వాదించుచుండిరి.

ఆ మందిరమునకు వెనుక రంగు పూసికొనుటకై వేసిన రేకులకొట్టములో శ్రీ నాదవల్లీ నాట్యమండలివారు తమ వంతుకొరకు వేచియుండిరి. అప్పుడు రంగస్థలముపై ఆడుచున్న మండలివారి నాటకము ముగియగనే తెర దించి కొంత ఎడమిచ్చి మూడుమార్లు గంట కొట్టుదురు. మూడవ గంటకు సిద్ధముగా నుండని మండలికి ఆ యేడు పోటీ లేదు. కొట్టపు మూలను ఇనుపపెట్టెపై నిలిపిన కంప్యూటరునెదుట మంజువాణి కూర్చుండి నుదుటి చెమట కంటిలోనికి జారుచున్నను తుడుచుకొనక చూచుచుండెను. ఆమె మండలిలో వేషము కట్టునది కాదు, దృశ్యములు మార్చునది. పూర్వము చిత్రకారులు వ్రాసిన పరదాలను త్రాళ్లతో లాగి అంతఃపురమును అడవిగను అడవిని ఆశ్రమముగను మార్చెడివారు. ఆ పరదాలు చివికిపోయిన పిమ్మట రంగస్థలపు వెనుకగోడంత ఎల్‌ఇడి తెర వచ్చినది. దృశ్యములన్నియు కంప్యూటరులో చేరినవి. త్రాళ్లు లాగిన చేతులకు మారుగా మీట నొక్కు వేలొకటి చాలినది. ఆ వేలు మంజువాణిది.

ఆ మండలికి ప్రాణము ఆమె తండ్రి రుక్మాంగదరావు. కంచుగంట కంఠమువాడును ఆజానుబాహువును విశాలనేత్రుడును నగు ఆ మహానటుడు రాజవేషము కట్టినచో రంగు కడిగిన పిమ్మటను ఇంటిలో మంచినీళ్లు అడుగుటకు "ఎవరక్కడ" అని చప్పట్లు చరచెడివాడు. చెంబు తెచ్చి యిచ్చునది కూతురే గనుక ఆమెయు "చిత్తము ప్రభూ" అని నవ్వెడిది. తల్లి లేని ఆ ఇంటిలో వారిద్దరే. ఆయన రాగమెత్తి పద్యమును సాగదీసినచో పిల్లలు ఏడుపు మానుదురని ఆ ప్రాంతమున వాడుక. అట్టి ఆయనకు గడచిన మాఘమాసమున గుండెనొప్పి వచ్చి స్టెంటు వేయవలసివచ్చెను. "నాటకాలు ఆడుకోండి. కానీ గుక్క బిగబట్టి రాగాలు తియ్యకండి. ఈ గుండె ఓర్చుకోదు" అని డాక్టరు చెప్పినప్పుడు మంచముకడ నిలిచి విన్నది మంజువాణియే. అందువలన నేటి పోటీకి వచ్చుటకు ముందు ఆమె ఒక్కటే షరతు పెట్టెను. పద్యమును పద్యముగా చదివి విడువవలయును, రాగము తీయరాదు. తండ్రి ఆమె తలపై చేయి పెట్టి ఒప్పుకొనెను. బహుమతి ఆమెకు అక్కరలేదు. ఈ తండ్రి మరికొన్ని యేండ్లు ఆ ఇంటిలో చప్పట్లు చరచుచు తిరిగిన చాలునన్నది ఆమె కోరిక.

వారు ఆడవచ్చిన నాటకము సత్యధ్వజ వనవాసము. దాని ఆయువుపట్టు మూడవ అంకము చివర నున్నది. రాజ్యభ్రష్టుడైన సత్యధ్వజ మహారాజు నిండుకొలువులో కిరీటము తీసి చేతబట్టి ఒక పద్యము చదువును. ఆ పద్యపు కడపటి మాటతో రత్నఖచితస్తంభసహస్రశోభితమైన సభాభవనము మాయమై ఘోరమృగసంకులమైన మహారణ్యము ప్రత్యక్షము కావలెను. ఆ ఘట్టమును సరిచూచుకొందమని ఆ పూట కొట్టములోనే ఒక్కమారు ప్రయోగించి చూచిరి. హార్మోనిస్టు కోటిలింగము శ్రుతి పట్టెను. రుక్మాంగదరావు షరతు తప్పక రాగము లేకయే పద్యము చదివి ముగించెను. మంజువాణి మీట నొక్కెను.

సభాభవనము కదలలేదు. దాని నడుమ చిన్నచక్రమొకటి పుట్టి గానుగెద్దువలె తిరుగనారంభించెను. పద్యము ముగిసినది, అడవి రాలేదు, ఆ రెంటి నడుమ నిశ్శబ్దము నిలిచెను. మాటలేక వేదికపై నిలుచుట ఎరుగని రుక్మాంగదరావు ఆ నిశ్శబ్దమును ఓర్వజాలక తలపై పెట్టిన చేతిని మరచి పద్యపు కడపటి మాటనే పట్టుకొని రాగమెత్తెను. కంఠనాళములు ఉబ్బెను. స్వరము ఒక మెట్టు ఎక్కెను. రెండవ మెట్టున తడబడెను. ఆయన కుడిచేయి తనంత తాను రొమ్ముపైకి పోయెను. కోటిలింగము హార్మోనియముపై వ్రేళ్లు తీసివేసెను. ఆ పిమ్మట గాని అడవి రాలేదు.

"నాన్నగారూ!" అని మంజువాణి పరుగెత్తిపోయి ఆయనను వేషముల పెట్టెపై కూర్చుండబెట్టెను.

"భయము వలదు తల్లీ. కంఠమున చెమ్మ ఆరినది. అంతియే" అని ఆయన మందహాసము చేసెను. ఆ ముఖముపై పూసిన గులాబిరంగు క్రింద చర్మము తెల్లబోయియుండుట ఆమె చూచెను. నాలుక క్రిందనుంచు మాత్ర ఇచ్చి విసరుచు ఆమె ఒక సంగతి నిశ్చయముగా తెలిసికొనెను. వేదికపై ఈ యంత్రము ఇట్లే నిలిచినచో ఈయన తప్పక పాడును. ఎన్ని ఒట్లు పెట్టుకొన్నను పాడును. వేయికన్నులు తనపై నుండగా నిశ్శబ్దముగా నిలువబడుట ఈయన చేతకాదు. కాగా తండ్రికి ఊపిరి దక్కవలెనన్న యంత్రము కుదుటపడవలెను; అదియు మూడవ గంటకు ముందే.

"నాటకం మానేద్దాం నాన్నగారూ" అని ఆమె అడిగిచూచెను.

"రంగు పూసికొన్న పిమ్మట మానుటయా?" అని ఆయన కన్నులు మూసికొనెను. ఆ మాటపై మరల అడుగుట ఆ యింట లేదు.

మంజువాణి కంప్యూటరునొద్దకు వచ్చెను. కడపటి ప్రదర్శనమువరకు బాగుగా నడచినదానికి నేడేమి వచ్చెనని ఆమె ఆలోచన. ఎండకు వేడెక్కెనేమోయని మూత విప్పి గాలిమర రెక్కలకు పట్టిన రంగుపొడిని కుంచెతో దులిపెను. వేడి తగ్గినది, మాంద్యము తగ్గలేదు. తీగలు ఊడదీసి మరల బిగించెను. కరెంటు హెచ్చుతగ్గులేమోయని పెట్టెను వేరు ప్లగ్గునకు మార్చెను. వైరసేమోయని వెదకించెను, ఏమియు దొరకలేదు. ఆపి మరల వెలిగించెను. అప్పుడు మొదలైనది ఆ యంత్రరాజము యొక్క ప్రాతర్లీల. నల్లతెర వచ్చెను. చుక్కలు తిరిగెను. స్వాగతమనెను. స్వాగతమని లోనికి రానీయని వియ్యపురాలివలె అక్కడనే నిలువబెట్టెను. పిదప బొమ్మలు ఒక్కటొక్కటిగా తీరికగా వచ్చి కూర్చుండెను. అవి వచ్చినపిమ్మటను మౌసు బాణము కదలక మొండికెత్తెను. రేకులగోడ ఆవల ముందు మండలివారి యుద్ధఘట్టము మొదలైన భేరీధ్వని వినవచ్చెను. యుద్ధము వచ్చినదన్న ఆ నాటకమునకు కడ సమీపించినట్లే.

"దిష్టి తగిలిందమ్మాయ్" అని కోటిలింగము చెంతకు వచ్చి నిట్టూర్చెను. "పొద్దున ఆ పొన్నూరు నాటకమోళ్లు మన పెట్టెవంక ఎట్టా చూశారో చూశావా? ఒక నిమ్మకాయ కోసి దిగదుడిస్తే పోయిద్ది."

"నాన్నగారికి నొప్పి రాకముందు ఆడినప్పుడు బాగానే ఉంది బాబాయ్! ఇంతలో ఏం మారిందో అర్థం కావట్లేదు" అని మంజువాణి ఇంచుమించు ఏడ్చునట్లు పలికెను.

"అప్పుడు బాగుందా?" అని కోటిలింగము ఆశ్చర్యపడెను. "ఎప్పుడూ ఇంతేగదమ్మాయ్! నాన్న రాగం ఎత్తుకునేది ఆ చెట్లు వచ్చిందాకేగా? నేను తెరవంకే చూస్తా వాయిస్తా. చెట్లు కనపడంగానే ఇద్దరం దింపేస్తాం. ఇవాళ నాన్న రాగం తియ్యలా, అందుకని నీకు తెలిసింది. అంతేగాని పెట్టె ఎప్పుడూ ఉన్నట్టే ఉంది."

మంజువాణి చేతిలోని కుంచె జారి క్రిందపడెను. ఆ ముసలి హార్మోనిస్టు తన మాట ఎక్కడ తగిలినదో ఎరుగక నిమ్మకాయకొరకు వెళ్లిపోయెను. ఆమె మాత్రము కదలలేదు. మీట నొక్కునప్పుడెల్ల ఆమె తల వంచుకొని చిన్నతెరను చూచుచు చెవులనిండ తండ్రి రాగమును నింపుకొని కూర్చుండెడిది. ఆ రాగామృతధారలో కాలము సాగినట్లు ఎవ్వరికిని తోచదు. పద్యము దిగుసరికి అడవి సిద్ధముగా నుండెడిది గనుక యంత్రము సరిగా నున్నదనియే ఆమె నమ్మెను. గడియారముతో కొలువవలసినదానిని కన్నతండ్రి కంఠముతో కొలిచినది. యంత్రము ఏటేట మందగించెను. ఆ మాంద్యమునకు సరిపడ ఏటేట రాగము పెరిగెను. ఆ రాగమునకు సరిపడ గుండె అరిగెను. ఏడ్చుటకు వ్యవధి లేదు గనుక ఏడువలేదు.

అజ్ఞానమునుండి సగము రోగము పుట్టును. నేడేమి మారెనని అడిగినంతసేపు ఆమెకు జవాబు దొరకలేదు, ఏలయన నేడు మారినది యంత్రము కాదు. ఇన్నియేండ్లుగా ఏమి పేరుకొన్నదని అడుగవలెను. ప్రశ్న మారగనే ఆమె బుద్ధి తేటపడెను. లేచుటలో ఆలస్యమొక రోగము. లేచిన పిమ్మట పనిలో ఆలస్యము మరియొక రోగము. రెంటికిని ఒకే మందు వేయుట వలననే ఇంతవరకు ఒక్కటియు కుదరలేదు. ఆమె మొదటిదానిని పట్టుకొనెను.

కంప్యూటరు మేల్కొనగనే ఎవరును పిలువకయే తమంతట తాము లేచి పనికి దిగు ప్రోగ్రాములు ఏవేవో చూపు పట్టికను ఆమె తెరచెను. పద్యనాటకమున ద్వారపాలకునకు సైతము ప్రవేశించునప్పుడొక పద్యము కావలెనని మండలిలో నిత్యకలహము. ఆ కలహమంతయు ఆ పట్టికలో మూర్తీభవించియుండెను. మంత్రివేషధారి తన మనుమరాలితో ముఖాముఖి మాటలాడుటకు పెట్టుకొన్నదొకటి. తబలావాద్యకారుడు క్రికెట్టు పరుగులు తెలిసికొనుటకు పెట్టినదొకటి. ఎన్నడో చెడి పాతసామానులవానికి అమ్మివేసిన ప్రింటరుకు సేవచేయుటకు ఇంకను విధేయముగా లేచి నిలుచునదొకటి. వీనికి తోడు యాంటీవైరసులు మూడు. ఎవరో ఒకమారు పెన్‌డ్రైవులో వైరసు తెచ్చిరని భయపడి మంజువాణియే ఒకదానిపై నొకటి నిలిపిన కావలివాండ్రు ఆ మూడును. లోనికి వచ్చు ప్రతి ఫైలును మొదటివాడు తడిమి చూచును. మొదటివాడు ఏమి తడిమెనోయని రెండవవాడు తడుమును. వారిరువురును దొంగలేమోయని మూడవవాడు అనుమానించును. ఇంటిలోనికి పోవలసిన రాజు వాకిటనే నిలిచియుండును.

ఆమె దయ చూపలేదు. మనుమరాలిని క్రికెట్టును మృతిచెందిన ప్రింటరును వరుసగా మేల్కొలుపుజాబితానుండి తొలగించెను. కావలివారిలో ఒక్కని నిలిపి ఇరువురను సాగనంపెను. యంత్రమును ఆపి ఊపిరి బిగబట్టి వెలిగించెను. నల్లతెర వచ్చెను, చుక్కలు కొన్ని తిరిగెను, అంతలోనే దృశ్యముల ప్రోగ్రాము తెరచుకొని ఆజ్ఞాపించుమన్నట్లు నిలిచెను. సంతోషముతో ఆమె మూడవ అంకము తీసి మీట నొక్కెను. సభాభవనము నిలిచెను. చక్రము పుట్టెను. తిరుగసాగెను.

ఆ క్షణమున మందిరమునుండి చప్పట్లు వర్షపుధ్వనివలె లేచెను. ముందు మండలివారి నాటకము ముగిసినది. పరిషత్తు కార్యకర్త తలుపులో తల పెట్టి "నాదవల్లీవాళ్లు! సామాను వేదికమీదికి చేర్చుకోండి, గంట కొట్టేస్తాం" అని కేకవేసి పోయెను. మండలివారు సింహాసనమును మోసికొని పోయిరి. కంప్యూటరును రంగస్థలపు ప్రక్కవింగులోనికి చేర్చి ఎల్‌ఇడి తెరకు తగిలించిరి. రుక్మాంగదరావు కిరీటధారియై లేచి ఎవరి చేయియు పట్టుకొనక నడచి వచ్చి ఎదుటి వింగులో నిలిచెను. ఆయన అడుగు తూలకుండ వేయుటకు పడుచున్న శ్రమ కూతునకు మాత్రము తెలిసెను.

మొదటి గంట మ్రోగెను.

మంజువాణి యంత్రపు లోపలి పనులను చూపు పుటను తెరచెను. దాని మెదడు ఖాళీగా నున్నది. జ్ఞాపకశక్తికి కొరత లేదు. హార్డుడిస్కు మాత్రము నూటికి నూరుపాళ్లు పనిలో మునిగి కొట్టుకొనుచుండెను. ఆ పెట్టెపై చేయివేసి చూడగా లోపల ఏదో గీరుచున్న సన్నని చప్పుడు అరచేతికి తెలిసెను. ఇంత పని ఎవరిది? చూచెను. నాటకము ఆడినంతసేపు నాటకమును చిత్రించి దాచు రికార్డింగు అది. దృశ్యముల ప్రోగ్రాముతోపాటు తానును లేచునట్లు ఆమెయే ఏర్పరచినది. దానిని ఆపెను. కొంత మేలు కనబడెను గాని చక్రము పోలేదు. అప్పుడామె డిస్కులో చోటెంత యున్నదో చూచెను. ఎర్రని గీత అంచువరకు నిండియుండెను. అడవియొక్క మహాచిత్రమును విప్పి పరచుటకు యంత్రమునకు ఒక చాపంత చోటైన లేదు. ఉన్న సందులను వెదకి ముక్కలుముక్కలుగా సర్దుకొనుటకే దాని కాలమంతయు పోవుచున్నది.

ఏమి నిండినది? రికార్డింగులు దాచిన ఫోల్డరును తెరచి చూచిన మంజువాణి కన్నులు అక్కడనే నిలిచిపోయెను. దుగ్గిరాల, రేపల్లె, బాపట్ల, అమృతలూరు. ఊరూరి నాటకము, తిరునాళ్లలోని ప్రదర్శనము, వన్స్ మోర్ కొట్టించుకొన్న ప్రతి పద్యము. అన్నియు తండ్రివే. నల్లజుట్టునాటి తండ్రి, గుక్క తిప్పుకొనకుండ తారాస్థాయిలో నిలిచిన తండ్రి, ఇక ఎన్నడును అట్లు పాడజాలని తండ్రి. వానికి వేరొకచోట ప్రతి లేదు. ఎప్పుడో తీరికవేళ వేరుడిస్కు కొని దాచవలెననుకొన్న మాట ఆ యేటికాయేడు వాయిదాపడుచు వచ్చెను. ఆ రాగములు డిస్కును నింపెను. డిస్కు నిండి యంత్రము మందగించెను. యంత్రము మందగించి రాగములు పెరిగెను. పెరిగిన రాగములు మరింత చోటును తినెను. తన తోకను తాను మ్రింగు పామును ఇంతకాలము ఆమె పాలు పోసి పెంచినది.

చోటు కావలెనన్న ఇవి పోవలెను. మరియొక దారి కలదేమోయని ఆమె తన ఫోనును తగిలించి ఒక్క పద్యమునైన అందులోనికి ఎక్కింప ప్రయత్నించెను. ఊపిరాడని ఆ డిస్కు ఆ భారమునకు పూర్తిగా స్తంభించిపోయెను. బాణము కదలలేదు. ఎక్కింపును రద్దుచేయుమన్న ఆజ్ఞ ఎట్టకేలకు దానికి చేరి బాణము మరల కదలినప్పుడు రెండవ గంట మ్రోగెను.

నిమ్మకాయతో వచ్చిన కోటిలింగము ఆమె భుజముమీదుగా తెరను చూచి సంగతి గ్రహించెను. "వొద్దమ్మాయ్" అని ఆయన అడ్డుపడెను. "ఆ గొంతు మళ్లీ రాదు. నేను సచ్చినా రాదు, నాన్న సచ్చినా రాదు. నాన్నని ఒకమాట అడుగు."

"అడిగితే ఏమంటారో నీకు తెలుసుగా బాబాయ్. ఉంచు, నేను పాడతా అంటారు."

ఎదుటి వింగులో రుక్మాంగదరావు కన్నులు మూసికొని పెదవులు కదల్చుచు పద్యమును మననము చేసికొనుచుండెను. ఆయన రొమ్ము రాజోచితభూషణముల క్రింద త్వరత్వరగా లేచి పడుచుండెను. మంజువాణి ఆ రొమ్మును చూచెను. తెరపై వరుసగా నున్న ఊళ్ల పేర్లను చూచెను. పిదప అన్నిటిని ఒక్కమారుగా ఎన్నుకొని చెత్తబుట్టలో వేసి మరల ఏరుకొను వీలు సైతము లేకుండ శాశ్వతముగా తొలగింపుమని మీటలు నొక్కెను. నిశ్చయమేనా యని యంత్రము అడిగెను. ఇంతకాలము ఏ ప్రశ్నకును వెంటనే జవాబీయని ఆ యంత్రము ఈ ఒక్క ప్రశ్నను మాత్రము ఆలస్యము లేకుండ అడిగినది. నిశ్చయమే యని ఆమె నొక్కెను. ఎర్రగీత నీలమై సగమునకు దిగెను. ఆమె కన్నీరు అప్పుడు దిగెను.

మూడవ గంట మ్రోగెను. తెర లేచెను.

మొదటి రెండంకములు ఎట్లు జరిగినవో మంజువాణి ఎరుగదు. ఉద్యానము రావలసినచోట ఉద్యానము వచ్చినది. యజ్ఞశాల రావలసినచోట యజ్ఞశాల వచ్చినది. అవి చిన్న చిత్రములు. వానినిబట్టి ధైర్యము తెచ్చుకొనుటకు ఆమెకు మనసొప్పలేదు. మూడవ అంకము వచ్చెను. శత్రురాజు దూత వచ్చి పోయెను. మంత్రి ఏడ్చెను. సత్యధ్వజ మహారాజు సింహాసనమునుండి దిగి కిరీటము తీసి రెండుచేతుల పట్టుకొని సభను కలయజూచి పద్యమెత్తుకొనెను. మందిరమున విసనకర్రలు ఆగెను. మొదటి పాదము నిబ్బరముగా వచ్చినది. రెండవది వచ్చినది. మూడవ పాదము నడుమ ఆయన ఊపిరి ఒక్కసారి తెగి మరల అతుకుకొనుట మంజువాణికి వినబడెను. సభలో మరెవ్వరికిని అది వినబడలేదు. నాల్గవ పాదపు కడపటి మాట వచ్చుచుండగా ఆయన ఎదురొమ్ము పైకి లేచెను. అది రాగమునకు పట్టు ఊపిరియని కూతురు ఎరుగును. నిశ్శబ్దము రాకమునుపే ఆయన దానికి సిద్ధపడుచుండెను. ఎన్నేండ్ల అలవాటు! కోటిలింగము కన్నులు తెరపై నిలిచి వ్రేళ్లు మెట్లపై బిగిసెను.

కడపటి మాట ముగిసెను. ఆమె మీట నొక్కెను.

అడవి వచ్చెను. రెప్ప వేసి తీయునంతలో స్తంభములు మ్రాకులై చాందనీలు కొమ్మలై రత్నకాంతులు ఆకుల నడుమ దూరు వెన్నెల తునకలై నిలిచెను. రాజ్యమంతయు ఒక్క మాటతో పోయినట్లు సభకు ఒడలు జలదరించెను. లాగిన ఊపిరి లాగినట్లే నుండగా రుక్మాంగదరావు వెనుదిరిగి చూచెను. ఆయన ముఖమున కనబడిన ఆశ్చర్యము నటన కాదు. రాజ్యము పోయిన రాజు అడవిని మొదటిసారి చూచినప్పుడు ఎట్లు చూచునో అట్లు చూచెను. పిదప ఆ ఊపిరిని రాగము చేయక మెల్లగా విడిచిపెట్టెను. కిరీటమును సింహాసనముపై ఉంచెను.

ఆ పిమ్మట మందిరము పగిలినట్లు కేకలు లేచెను. "వన్స్ మోర్! వన్స్ మోర్!" విసనకర్రలు గాలిలోనికి ఎగిరెను. ముందువరుసలోని ముసలివారు లేచి నిలుచుండిరి. వన్స్ మోర్ అన్నప్పుడు పాడకుండ పోయిన చరిత్ర రుక్మాంగదరావునకు లేదు. మంజువాణి వింగు అంచునకు వచ్చి నిలిచి వలదని తల ఊపెను. ఆయన ఆమెను చూచెను. సభను చూచెను. కేకలు మరింత హెచ్చెను. ఆయన పెదవులు విడివడెను. కోటిలింగము శ్రుతి ఇచ్చుటకు చేయి ఎత్తి ఏమనుకొనెనో ఆ చేతిని ఒడిలో పెట్టుకొనెను. ఆ మహానటుడు రెండుచేతులు జోడించి సభకు శిరసు వంచి నమస్కరించి తిరిగి అడవిలోనికి నడచిపోవువానివలె నడచి వింగులోనికి వచ్చెను.

బహుమతి ఎవరికి వచ్చెనన్నది ఈ కథకు పట్టని సంగతి. వింగులోనికి వచ్చిన తండ్రిని మంజువాణి పట్టుకొని అక్కడనున్న పాతకుర్చీలో కూర్చుండబెట్టెను. ఆయన నీరు త్రాగి "ఎవరీ అడవిని ఇంత వేగముగ కొనివచ్చినవారు?" అని రాజస్వరముతో అడిగెను.

ఆమె దాచలేకపోయెను. "పెట్టెలో చోటు లేక ఆగిపోతోంది నాన్నగారూ. మీ పద్యాలతో నిండిపోయింది. అన్నీ తీసేశాను. ఒక్కటి కూడా మిగలలేదు. మళ్లీ రావు. మిమ్మల్ని అడక్కుండా తీసేశాను" అని చెప్పి ఆయన పాదములకడ కూలబడెను.

రుక్మాంగదరావు ముఖమున సగము చెరిగిన గులాబిరంగుపై చెమట గీతలు గీయుచుండెను. ఆయన ముఖము ఒక్కమారు ముడుచుకొని మరల సర్దుకొనుట కోటిలింగము చూచి తల త్రిప్పుకొనెను.

"పోతే పోయినయ్యిలే తల్లీ" అని ఆయన ఎట్టకేలకు అనెను. "అయ్యి నేను మళ్లీ ఎప్పుడన్నా విన్నానా? వినలేనమ్మా. జనం నా పాండిత్యమనుకున్నారు. నేను ఆ తెరవంక చూసుకుంటా పాడాను. నువ్వేమో తలొంచుకుని మీట నొక్కుతున్నావు. చెట్లు రాకపోతే ఎవరిని అంటారు? ఆ కంప్యూటరు పిల్లకి పని రాదంటారు. అనిపించుకోనిస్తానా? వచ్చిందాకా పాడాను. అంతే."

మంజువాణి తల ఎత్తలేదు. ఆయన ఆమె జడను సవరించుచు "ముందే నీకు చెప్పుంటే పోయేది. చెప్తే చిన్నబుచ్చుకుంటావని చెప్పలా" అని మాత్రము మెల్లగా చేర్చెను.

ఒకరి లోపమును మరియొకరు ప్రేమతో కప్పినంతకాలము ఆ లోపము లోపల పెరుగుచునే యుండును; కప్పినవాని ప్రాణమే దానికి మేత యగును. కప్పుటకంటె చెప్పుట కఠినమైనది, చెప్పుటకంటె విడుచుట మరింత కఠినమైనది. ఆ తండ్రి చెప్పలేకపోయెను. ఆ కూతురు విడువగలిగినది.

నాల్గవ అంకమునకు రాజు పని లేదు. అడవిలో మునికన్యల పాట మొదలయ్యెను. రుక్మాంగదరావు కుర్చీలో వెనుకకు వ్రాలి రంగుముఖముతోనే నిద్రపోయెను. మంజువాణి ఒక చేతిని మీటపై నుంచి రెండవ చేతిని తండ్రి రొమ్ముపై నుంచెను. అరచేతి క్రింద అది లేచుచుండెను, పడుచుండెను, తొందర లేకుండ మరల లేచుచుండెను.